ఒకటిన్నర చుట్టు

ఒకటిన్నర చుట్టు అంటే ఎంతని? సగం చొప్పున మణికట్టు మూడుసార్లు తిరిగితే అయిపోతుంది. మంచినీళ్ళ సీసా మూతని కూడా అంతకన్నా ఎక్కువే తిప్పుతాం. గురువారం సాయంత్రం వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద మా బావమరిది స్కీ పెట్టి, మడమ కింద ఉండే స్ప్రింగు మరను అంత తిప్పాను, అంతే తిప్పాను, తిప్పి చేతులు కడుక్కుని కాఫీ తాగాను. ఇవాళ ఆదివారం. వాడు ఆ తెల్ల తలుపుల వెనక బల్ల మీద ఉన్నాడు, మోకాలు పక్కకి తొలగి, దాని వెనకున్న రక్తనాళం తెగి. నేను ఈ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను, చెరువు నీళ్ళు ఆరి అట్టకట్టిన నిక్కరుతో. పదకొండూ పదికి డాక్టరు బయటికొచ్చి, "రక్తనాళం కుట్టాం. ఇంకో గంట చూస్తాం. పాదానికి రక్తం దిగితే కాలు దక్కినట్టే" అన్నాడు. దిగకపోతే అని మేమెవరమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు, మా ఆవిడ ముఖం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు పదకొండూ పదిహేడు. ఏడు నిమిషాలే. నేను ఈలోపు ఆ మరను ఓ వందసార్లు వెనక్కి తిప్పి ఉంటాను, కుర్చీ చెయ్యి మీద, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఎడమకి, ఎడమకి, ఎడమకి.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఎలా చెప్పేది. ఇందాక నర్సు అడిగింది, "ఏం చేస్తుంటే పడ్డాడండీ" అని, నీళ్ళ మీద స్కీయింగ్ అంటే "అయ్యో, ఎందుకండీ" అంది. ఎందుకో నాకు తెలిస్తే కదా. బోటు తాడుతో లాగుతుంది, మనం ఒంటి స్కీ మీద నిలబడతాం, రెండు కాళ్ళూ ఒకదాని వెనక ఒకటి బూట్లలో బిగించుకుని. నీళ్ళలో ఆరు ఎర్ర బంతులు తేలుతుంటాయి, మూడు అటు, మూడు ఇటు. బోటు మధ్యలో తిన్నగా పోతుంది, మనం నీటిని కోసుకుంటూ ఆరింటినీ చుట్టి రావాలి. వస్తే తాడు పొట్టి చేస్తారు, మళ్ళీ వస్తే ఇంకా పొట్టి, ఒక్కో పొడవుకి ఒక్కో రంగు. నేను పదేళ్ళుగా పసుపు దగ్గరే చతికిలపడ్డాను, వాడు ఆకుపచ్చ దాటి నీలానికి వచ్చాడు. ఆ బూట్లు రెండూ ఒకే రేకు మీద ఉంటాయి, ఆ రేకుని స్ప్రింగు పట్టుకుని ఉంటుంది. మనిషి పడ్డప్పుడు స్ప్రింగు వదిలెయ్యాలి, బూట్లతో సహా రేకు ఊడి రావాలి, స్కీ దారి స్కీది, కాళ్ళ దారి కాళ్ళది. మరీ వదులైతే మలుపు మధ్యలో ఊడి పరువు తీస్తుంది. మరీ బిగువైతే అసలు ఊడనే ఊడదు. సరైన బిగువు ఈ రెంటి మధ్యా ఎక్కడో వెంట్రుకవాసి చోటులో ఉంటుంది, దాన్ని పట్టుకోవడం నా గొప్ప. నేను పళ్ళ సెట్లు తయారుచేసేవాణ్ణి, రోజంతా మైనంతోనూ సానరాయితోనూ కుస్తీ పడతాను, చిగురు మీద కాగితం మందం తేడా వస్తే ముసలావిడ మూడోరోజుకి సెట్టు తెచ్చి నా మొహాన కొడుతుంది. ఆ చేయే కదా ఇదీ చేసేది, దానికి తప్పెలా వస్తుంది అనుకునేవాణ్ణి. అందరూ అలాగే అనుకునేవాళ్ళు, అదొకటి ఏడిచింది.

మా ఆవిడ నా పక్కనే కూర్చుంది. ఆమె పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది, ఎంత పెద్ద వరస ఉన్నా తొణకదు. ఇప్పుడూ తొణకలేదు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు తీస్తోంది, వేస్తోంది. నా స్కీని ఆమె ఏనాడూ స్కీ అనలేదు, సవతి అంటుంది. "మీ రెండో ఆవిడ మంచం కింద నించి కాళ్ళు బయటపెట్టి పడుకుంది, ఊడుస్తుంటే తగిలింది, కాస్త లోపలికి జరగమనండి" అంటుంది. గ్లౌజులు కంపు కొడుతుంటే పటకారుతో పట్టుకుని తెచ్చి నా ముందు పడేస్తుంది. అన్నీ నవ్వుతూనే. తమ్ముణ్ణి ఈ పిచ్చిలోకి దించినప్పుడు మాత్రం నవ్వలేదు. పెళ్ళయిన కొత్తలో వాడు పన్నెండేళ్ళ పిల్లాడు, తల్లి పోయి మా ఇంటికొచ్చాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చెరువుకి తీసుకెళ్ళాను. మూడోసారి నీళ్ళలోంచి లేచి నిలబడి, తాడు పట్టుకుని, "బావా, చూడు, బావా, చూస్తున్నావా" అని అరిచాడు. ఆర్నెల్లలో వాడి నోటి వెంట వచ్చిన మొదటి పెద్ద కేక అది. ఇంటికొచ్చి చెబితే ఈవిడ స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది, ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి, "వాడికేమైనా అయితే మాత్రం మీ పని చెప్తా" అంది. ఇరవై ఏళ్ళయింది. ఏమైనా అయింది. నా పని చెప్పడం లేదు, చెప్పడం లేదేమిటే, అడగవేమిటే నన్ను?

అడగడం లేదు, ఎందుకంటే ఆమె కోపం వేరే చోట ఉంది. వరండా చివర బెంచీ మీద బోటు బాబాయ్ కూర్చున్నాడు. నాకు పిల్లనిచ్చిన మామగారి తమ్ముడు కాదు, ఎవరి తమ్ముడూ కాదు, చెరువు దగ్గర అందరికీ బాబాయే, పాతికేళ్ళుగా మా బోటు నడిపేది ఆయనే. తడిబట్టలు ఒంటిమీదే ఆరిపోయాయి, కాళ్ళకి చెప్పులు లేవు. ఈవిడ ఆస్పత్రికి వచ్చీరాగానే ఆయన్ని పట్టుకుంది. "మీరు కాస్త మెల్లగా పోనిస్తే ఏం పోయేది బాబాయ్ గారూ? పడ్డాడని చూసి కూడా ఆపలేదా?" ఆయన చేతులు జోడించాడు. "ఒక్క క్షణం ఆలస్యమైందమ్మా. నా చెయ్యే ఆలస్యమైంది. ఇంక ఈ జన్మలో స్టీరింగు ముట్టుకోను తల్లీ" అన్నాడు. ఆలస్యం కాలేదు. నేను బోటులోనే ఉన్నాను, వెనక్కి తిరిగి కూర్చుని వాణ్ణే చూస్తున్నాను, పడినవాళ్ళని చూసి కేకేసే పని నాది. నేను కేకేశాను, ఆయన అప్పటికే ఆపేశాడు. నాకు తెలుసు. తెలిసీ పక్కన స్తంభంలా నిలబడ్డాను, నోరు పెగల్లేదు. పెగల్లేదా, పెగలనివ్వలేదా, సరిగ్గా చెప్పరా వెధవా. ఆయన జోడించిన చేతులు చూసి నాకు మొదట కలిగింది హాయి. సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయి. పదకొండూ ఇరవై తొమ్మిది.

మరకి అంకెలు లేవు, పాత రకం. పూర్తిగా వదులు చేసి, అక్కణ్ణించి ఎన్ని చుట్లు బిగించామో లెక్కపెట్టుకుని, స్కీ మీద తెల్ల టేపు అంటించి రాయాలి. ఎవరి చెయ్యి పడితే వాళ్ళు పాత అంకె కొట్టేసి కొత్తది రాయాలి, చిన్న మార్పైనా సరే, సొంత స్కీ అయినా సరే. ఈ నియమం పెట్టిందెవరయ్యా అంటే నేనే. మాతో ఆడే మందుల షాపాయన రాయకుండా ముట్టుకుంటే, చెరువుగట్టున స్కీలు పెట్టుకునే షెడ్డులో అందరి ముందూ కడిగిపారేశాను, "ఇది ప్రాణంతో వ్యవహారం, మీ ఇంట్లో రేడియో అనుకున్నారా, తోచినట్టు తిప్పడానికి" అని. పాపం ఆయన మళ్ళీ రాలేదు. మరి నేనెందుకు రాయలేదు? మర్చిపోయానని చెప్పొచ్చు. చాలా బావుంటుంది, మర్చిపోయాను, వయసు మీద పడింది, అందరూ నమ్ముతారు. మర్చిపోలేదు. పోయిన ఆదివారం అయిదో బంతి దగ్గర వాడి బూటు మలుపు మధ్యలో ఊడింది, ఎగిరి పల్టీ కొట్టాడు. ఒడ్డున పదిమంది నవ్వారు, వాడూ నవ్వుతూ ఈదుకుంటూ వచ్చి, "బావా, ఓసారి సెట్టింగు చూడవా, వదులుగా ఉందేమో" అన్నాడు. అంతే, మామూలుగా అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. "సెట్టింగు భేషుగ్గా ఉంది. నీ మడమే పైకి లేస్తోంది. ముందు నిలబడటం నేర్చుకో" అన్నాను, అందరికీ వినబడేలా. వాడు "సరే బావా" అన్నాడు. నిజానికి వదులుగానే ఉంది. సోమవారానికే నాకు అర్థమైంది, మంగళవారం పళ్ళ సెట్టు అరగదీస్తుంటే ఆ మరే కళ్ళ ముందు. గురువారం ఎవరికీ చెప్పకుండా షెడ్డులోంచి ఇంటికి తెచ్చి బిగించాను. టేపు మీద నాలుగు అని ఉంది. అయిదున్నర అని రాస్తే వాడు చూస్తాడు, షెడ్డులో అందరూ చూస్తారు, బావగారి సెట్టింగు తప్పని తేలిపోతుంది. నాలుగు అనే ఉంచేశాను. వాడు ఆదివారం ఆరు బంతులూ చుట్టి వస్తాడు, నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని "చూశావా, మడమ దించితే ఎలా కుదిరిందో" అంటాను. ఇదీ నా పథకం. ఇంత బతుకూ బతికి, ఇందుకోసం.

వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. పన్నెండంతస్తుల గొయ్యిలో ఇనుప నిచ్చెన మీద, నడుముకో పట్టీ, చేతిలో పానా. ఒంటికాలితో ఆ నిచ్చెన ఎక్కనిస్తారా? ఎవరెక్కనిస్తారు. ఉద్యోగం సంగతి సరే, ఆస్పత్రిలో కూర్చుని ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నానేమిటి, పాదానికి రక్తం దిగితే ఇవేవీ అక్కర్లేదు. దిగు. దిగవే తల్లీ, నీకు దండం పెడతాను. ఎవరికి పెడుతున్నాను దండం, రక్తానికా? పెడతాను, ఏం పోయింది. వాడి కాళ్ళు నాకు కంఠతా వచ్చు. ముందు పెట్టేది ఎడమకాలు, పాదం కొంచెం వెడల్పు, చిటికెన వేలు దగ్గర బూటు ఒరుసుకుంటుందని నేనే లోపల మెత్త అరగదీసి ఇచ్చాను, పళ్ళ సెట్టు అరగదీసినంత పొందిగ్గా. స్కీ తోక కింద రెక్కని ఎంత ముందుకి జరపాలో, ఏ గ్లౌజులు కొనాలో, నీళ్ళు చల్లగా ఉన్నాయా లేదా కూడా నన్నే అడుగుతాడు. పెళ్ళికూతుర్ని చూసొచ్చి రాత్రి పదింటికి ఫోను చేశాడు, "బావా, నువ్వేమంటావు" అని. "నేనేమంటానురా, నీకు నచ్చిందా?" "నచ్చింది. అయినా నువ్వు చెప్పు." ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళింది, ఏడో నెల. బస్సులో వస్తోంది ఇప్పుడు. కాలు బెణికిందని చెప్పి రప్పిస్తున్నాం. ఆ అబద్ధం కూడా ఎవరు చెప్పారో ఇంక వేరే చెప్పక్కర్లేదు. పదకొండూ నలభై.

పొద్దున నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గాలి లేదు. నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను, వాడు అప్పటికే బూట్లు వేసుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీలం తాడు. మొదటి బంతి, రెండు, మూడు, అబ్బ, ఏం తిరిగాడు, భుజం నీళ్ళకి తగిలేలా వాలి, నాకు ఒళ్ళు పులకరించింది, మనసులో నేనే, నేనే అనుకున్నాను. నాలుగో బంతి దగ్గర తోక జారింది. ముందుకి తూలాడు, స్కీ మొన నీళ్ళలో గుచ్చుకుని నిలబడిపోయింది, ఒళ్ళంతా దాని మీదుగా ముందుకి వెళ్ళిపోయింది, బూటు ఊడలేదు. ఊడు, ఊడు, అని నేను లోపల అరుస్తున్నాను. ఊడలేదు. నీళ్ళలోకి దూకి పట్టుకునేసరికి కాలు చూడరాని వంకరలో ఉంది. అంబులెన్సులో వాడి చెయ్యి నా చేతిలో ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. "బావా, అక్కకి చెప్పకు. తప్పు నాదే" అన్నాడు. ఏం తప్పురా అన్నాను. "పొద్దున నువ్వు రాకముందు మర బిగించా. ఒకటిన్నర చుట్టు. నువ్వు తిడతావని చెప్పలేదు. నీ మాట కాదన్నట్టుంటుందని టేపు మీద కూడా రాయలేదు. నాలుగుకి ఒకటిన్నర కలిపితే అయిదున్నరే కదా, అదేమంత బిగువు కాదు కదా బావా? మరి ఎందుకు ఊడలేదు?" నేను లెక్క వేశాను. వేయకుండా ఉండలేని వెధవని. వాడి నాలుగు నాలుగు కాదు, అయిదున్నర. దాని మీద ఒకటిన్నర. ఏడు. ఏడు మీద ఎవరికీ ఏదీ ఊడదు. "అంత బిగువు కాదురా," అన్నాను, "అయిదున్నర అంత బిగువేం కాదు. నువ్వు మాట్లాడకు, పడుకో." వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, అదే నా దరిద్రం.

పదకొండూ యాభై మూడు. ఇప్పుడు చూడు, ఎంత సుఖంగా ఉందో. కాలు దక్కితే ఎవరూ ఏమీ అడగరు. వాడు తన తప్పే అనుకుంటాడు, నాలుగు రోజులు నాలిక కరుచుకుంటాడు, బాబాయ్ ఆయన తప్పే అనుకుంటాడు, ఈవిడ కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడదు, తర్వాత మాట్లాడుతుంది. నేను షెడ్డుకి వెళ్ళి ఎవరూ చూడకుండా మర వదులు చేసేస్తాను. అంతే, ఏమీ జరగలేదు. మూడు మణికట్టు తిప్పులతో అన్నీ ఎక్కడివక్కడ. కాలు దక్కకపోతే? అప్పుడు చెప్పడమెలా, ఏ మొహం పెట్టుకుని చెబుతాను? దక్కితే అవసరం లేదు, దక్కకపోతే వీల్లేదు, అంటే చెప్పడానికి ఉన్నది ఈ గంటే, అందులో పదిహేడు నిమిషాలు మిగిలాయి. లేవరా. పక్కకి తిరిగి నోరు తెరువు. ఆమె జిప్పు ఆపేసి నా వైపు చూసింది, నా చేతిమీద చెయ్యి వేసి, "మీరేం కంగారు పడకండి. వాడు గట్టిపిండం" అంది. నాకు ధైర్యం చెబుతోంది. ఆవిడ నాకు. నేను ఊఁ అన్నాను. అవతల బాబాయ్ మోకాళ్ళ మధ్య తల దించుకుని ఉన్నాడు, వీపు కదులుతోంది, ఏడుస్తున్నట్టున్నాడు. చిన్నగా, ఎవరికీ అడ్డం లేకుండా.

పన్నెండూ అయిదుకి తలుపు తెరుచుకుంది. డాక్టరు మూతికున్న గుడ్డ గడ్డం కిందికి లాక్కున్నాడు, అప్పుడే నాకు తెలిసిపోయింది. "దిగలేదమ్మా," అన్నాడు. "రెండోసారీ కుట్టి చూశాం, గడ్డ కడుతోంది. పిక్క నల్లబడుతోంది. ఇంకా ఆగితే ప్రాణానికే మోసం. మోకాలి పైన తీసెయ్యాలి." మా ఆవిడ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. "నడుముకే మత్తిచ్చాం కాబట్టి మెలకువగానే ఉన్నాడు. సంతకం ఆయనే పెట్టాలి, పెట్టనంటున్నాడు. మా బావ తియ్యమంటే తియ్యండి, వద్దంటే వద్దు, ఆయన్ని పిలవండి అంటున్నాడు. ఎవరండీ బావ?" నేను చెయ్యి ఎత్తాను, బళ్ళో పిల్లాడిలాగా. నర్సు ఆకుపచ్చ గౌను తెచ్చింది, చేతులు దూర్చాను, వెనక తాళ్ళు మా ఆవిడ కడుతోంది. "ఒప్పించండి. ఎలాగో ఒకలాగ ఒప్పించండి" అంటోంది, "మీరు చెబితే వింటాడు. చిన్నప్పణ్ణించీ మీ మాటే కదా వాడికి వేదం."

"ఆ మర నేను బిగించాను," అన్నాను గోడకేసి చూస్తూ. "గురువారం. టేపు మీద రాయలేదు. అది తెలియక వాడు పొద్దున మళ్ళీ బిగించాడు. అందుకే ఊడలేదు. బాబాయ్ తప్పేం లేదు, బోటు టైముకే ఆగింది." నా వెనక చేతులు ఆగిపోయాయి. బెంచీ మీద బాబాయ్ తల ఎత్తాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆ తర్వాత తాళ్ళు మళ్ళీ కదిలాయి, ముడి పడింది, రెండో ముడి కూడా పడింది. "నాతో కాదు," అంది మా ఆవిడ. "లోపలికి వెళ్ళి వాడితో చెప్పండి. అది చెప్పాకే రెండోది చెప్పండి."

లోపల చలిగా ఉంది. ఛాతీ దగ్గర అడ్డంగా గుడ్డ కట్టారు, దాని అవతల ఏముందో వాడికి కనబడదు, నాకు కనబడింది. వాడి మొహం గుడ్డకి ఇవతల, చిన్నగా, పన్నెండేళ్ళప్పటిలా ఉంది. నన్ను చూసి తేరుకున్నాడు. "వచ్చావా బావా. వీళ్ళేదో కాలు తియ్యాలంటున్నారు. నాకేం అర్థం కావట్లేదు. నువ్వు చూడు, చూసి చెప్పు. నువ్వేమంటే అదే." నేను వాడి తల పక్కన వంగాను. "ముందు నేను చెప్పేది విను. ఆ తర్వాత నా మాట వినాలో వద్దో నువ్వే చూసుకో" అని మొత్తం చెప్పాను. వంటింటి బల్ల, గురువారం, నాలుగు కాదు అయిదున్నర అని, అయిదున్నర కాదు ఏడు అని, అంబులెన్సులో నీకు ధైర్యం చెప్పినప్పుడు కూడా నాకు తెలుసురా అని, పదిమందిలో నా మాట తప్పవుతుందని రాయలేదురా అని. చెబుతూ ఏడ్చాను, ఆ ఏడుపు చూసి వాడు జాలి పడతాడేమోనని భయమేసి ఆపుకున్నాను. వాడు మొదట నన్ను చూస్తూ విన్నాడు, తర్వాత పైనున్న దీపాన్ని చూస్తూ విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టరా, నా తండ్రీ, తిట్టు. కనీసం ఎందుకు బావా అను. వాడు ఎండిన పెదాలు తడుపుకున్నాడు, తల అటు తిప్పాడు.

"డాక్టరు గారూ, ఆ కాగితం ఇటివ్వండి" అన్నాడు. నర్సు కాగితం కింద అట్ట పట్టుకుంది. పడుకునే, నెమ్మదిగా, పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. తియ్యమనాలో వద్దో నన్ను అడగలేదు.